బోనుతో తీరని చిరుతల చిక్కు

ముంబయిలో బోరివలీ స్టేషనులో దిగి తూర్పుకు కాసేపు నడిస్తే సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం వస్తుంది. సుమారు 104 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని అపార్ట్‌మెంట్లు, బస్తీలు ఆనుకొని ఉన్నా చిరుతపులులు అక్కడ తరతరాలుగా బతుకుతున్నాయి. దుప్పి, కణితి మొదలుకొని కోతి, ఎలుక దాకా ఏది చిక్కితే దానితో కడుపు నింపుకోగలగడమే చిరుతకున్న బలం. అడవి అంచున చెత్తకుప్పలు పేరుకున్నచోట వీధికుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది.

ఆ రాక ఎంత గుట్టుగా ఉంటుందో జంతువు ఎదుట కదలగానే తనంతట తానే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌ల చిత్రాలు చూస్తే తెలుస్తుంది. పగలంతా మనుషులు తొక్కిన కాలిబాట మీదే, రాత్రి సద్దుమణిగాక, తోక కొసను పైకి వంచి చిరుత నిదానంగా సాగిపోతుంటుంది. ఒంటి మీది మచ్చల అమరిక మన వేలిముద్రల్లాగే ఒక్కోదానికి ఒక్కో తీరుగా, కుడి పక్కన ఒకలా ఎడమ పక్కన మరోలా ఉంటుంది కనుక, ఏ చిరుత ఎక్కడ తిరుగుతోందో పరిశోధకులు వాటిని బట్టే పోల్చుకుంటారు.

చిరుత కంటబడగానే బోను పెట్టమని జనం కోరడం సహజమే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారి ప్రాణం పోయినప్పుడు ఆ భయం మనకూ అనుభవంలోకి వచ్చింది. మనిషి మీద పడిన జంతువును పట్టక తప్పదు. కానీ కనబడ్డ ప్రతిదాన్నీ పట్టి వేరేచోట వదిలితే ఏమవుతుందో పుణె జిల్లా జున్నరు చెరకు తోటల ప్రాంతంలో తేలింది. వన్యప్రాణి పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం అధ్యయనం ప్రకారం, 1993 నుంచి 2001 వరకు ఏడాదికి సగటున 4గా ఉన్న దాడులు, తరలింపులు మొదలయ్యాక 17కు పెరిగాయి. ఎరగని చోట వదిలిన చిరుత పాత తావును వెతుక్కుంటూ ఊళ్ల మీదుగా నడుస్తుంది, అది ఖాళీచేసిన చోటికి ఇంకొకటి వచ్చి చేరుతుంది. బయట పట్టిన చిరుతలను బోరివలీ అడవిలోనూ వదిలిన ఆ కాలంలోనే, 2004లో, ముంబయిలో దాడులు తీవ్రమయ్యాయి.

మరుగుదొడ్డి లేక చీకట్లో పొదల చాటున కూర్చున్న మనిషి, ముఖ్యంగా పిల్లవాడు, చిరుత కంటికి చిన్న జంతువులా ఆనుతాడు. అందుకే అడవి అంచు బస్తీలకు మరుగుదొడ్డి, వీధిదీపం బోనుకన్నా ముందు కావాలని నేను గట్టిగా నమ్ముతాను. చెత్త రోజూ ఎత్తేస్తే కుక్కలు పలచబడతాయి, కుక్కలు లేని సందుదాకా చిరుతకు వచ్చే పనుండదు.