షోరూమ్ ధర ఒకటి, రోడ్డెక్కే ధర ఇంకొకటి: కొత్త బండి బిల్లు ఇలా ఎందుకు పెరిగింది

కొత్త బైక్ కొటేషన్‌లో పై వరుసలో ఎక్స్-షోరూమ్ ధర ఉంటుంది, అట్టడుగున ఆన్-రోడ్ ధర ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో లక్ష రూపాయల బండికి ఈ రెండింటి మధ్య తేడా ఇరవై వేల దగ్గర ఉండటం మామూలే. కొనేవాళ్లు ఆ తేడా మొత్తాన్నీ డీలర్ ఖాతాలో వేసి తిట్టుకుంటారు. నిజానికి మధ్యలో ఉన్న ఒక్కో వరుసకూ ఒక్కో పుట్టిన తేదీ ఉంది. కొన్ని పార్లమెంటు చేసిన చట్టం వల్ల వచ్చాయి, కొన్ని సుప్రీంకోర్టు ఆదేశంతో, కొన్ని రాష్ట్ర ఖజానా అవసరంతో. ఏ చట్టమూ అడగని, వ్యాపారం మాత్రమే చేర్చిన వరుసలూ వాటి పక్కనే కూర్చుని ఉంటాయి. ఏది ఏ కోవలోదో తెలిస్తేనే ఎక్కడ బేరం ఆడాలో తెలుస్తుంది.

ఒకప్పుడు అసలు సమస్య ధర కాదు, బండి దొరకడం. 1960 నాటి స్కూటర్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు కింద స్కూటర్ ఎవరికి ఎప్పుడు అందాలో ప్రభుత్వమే నిర్ణయించేది. డిపాజిట్ కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. చేతికందిన రోజే బండిని ఎక్కువ ధరకు బ్లాకులో అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. ఆ కొరత తీర్చడానికి రాష్ట్రాలు కూడా రంగంలోకి దిగాయి. మన హైదరాబాద్‌లో తయారైన పుష్పక్ స్కూటర్ ఆ కాలపు జ్ఞాపకమే. ఎనభైల నడుమ జపాన్ భాగస్వామ్యంతో 100 సీసీ బైకులు వచ్చాక (1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100) వరుసలో నిలబడాల్సిన పరిస్థితి మారింది. బండి షోరూమ్‌లో సిద్ధంగా ఉంది, డబ్బే లేదు. ఫైనాన్స్ కంపెనీలకు గిరాకీ పెరిగింది అక్కడి నుంచే.

ఇన్సూరెన్స్ కథ ఇంతకంటే పాతది. 1939 మోటారు వాహనాల చట్టంలో థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసే అధ్యాయం 1946 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ఉద్దేశం బండి యజమానిని కాపాడటం కాదు, ఆ బండి కింద పడ్డవాడికి పరిహారం దొరికేలా చూడటం. ఈ ఒక్క మాట గుర్తుంటే తర్వాతి చిక్కుముళ్లలో సగం విడిపోతాయి. 1973లో సాధారణ బీమా జాతీయమై నాలుగు ప్రభుత్వ కంపెనీల చేతికి వెళ్లింది. 1989 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం మరణం, గాయాల విషయంలో బీమా కంపెనీ బాధ్యతకు పరిమితి లేకుండా చేసింది. ఎదుటివారి ఆస్తి నష్టానికి మాత్రం 6,000 రూపాయల చట్టబద్ధ పరిమితి ఉంచింది. ఇప్పటి టూవీలర్ పాలసీల్లో ఆస్తి నష్టానికి లక్ష రూపాయల దాకా కవర్ ఉంటుంది. కొద్ది రూపాయల ప్రీమియం తగ్గింపు కోసం దాన్ని 6,000కు కుదించుకునే వెసులుబాటు కూడా ఉంది. ఎదురుగా వచ్చిన కారు బంపర్ ఒక్కటి పగిలినా ఆ ఆరు వేలు చాలవు కాబట్టి ఆ తగ్గింపు జోలికి వెళ్లకపోవడమే మేలు.

ప్రైవేటు కంపెనీలు వచ్చాక, 2007 జనవరి 1 నుంచి సొంత బండికి జరిగే నష్టానికి (ఓన్ డ్యామేజ్, వ్యవహారంలో ఓడీ) ప్రీమియం రేట్లను కంపెనీల ఇష్టానికి వదిలేశారు. థర్డ్ పార్టీ రేటు మాత్రం ప్రభుత్వ నియంత్రణలోనే మిగిలింది. అందుకే కొటేషన్‌లో థర్డ్ పార్టీ వరుస మీద బేరం ఉండదు, ఉండకూడదు కూడా. బేరం ఉన్నది ఓడీలో, యాడ్-ఆన్‌లలో (విడిగా డబ్బు కట్టి చేర్చుకునే అదనపు కవర్లలో). మరోపక్క రోడ్డు ప్రమాద కేసుల్లో ట్రిబ్యునళ్లు ఇచ్చే పరిహారాల లెక్క పెద్దదవుతూ వచ్చింది. 2009లో సర్లా వర్మ, 2017లో ప్రణయ్ సేఠి కేసుల్లో సుప్రీంకోర్టు తీర్పులు చనిపోయిన వ్యక్తి వయసును బట్టి ఆదాయాన్ని ఎంతతో గుణించాలి, భవిష్యత్ ఆదాయం ఎంత కలపాలి అన్నది స్థిరపరిచాయి.

బిల్లు ఒక్కసారిగా ఎగిరింది 2018 సెప్టెంబరులో. రోడ్ల మీద తిరుగుతున్న టూవీలర్లలో చాలావాటికి మొదటి ఏడాది దాటాక బీమానే ఉండటం లేదు. ప్రమాదం జరిగితే బాధితుడి కుటుంబం ఆస్తిపాస్తుల్లేని యజమాని వెంట పడాల్సి వచ్చేది. రోడ్డు భద్రతపై వేసిన జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ కమిటీ సూచనను తీసుకుని, ఎస్. రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు 2018 జూలై 20న ఆదేశం ఇచ్చింది. దాని ప్రకారం సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త టూవీలర్‌కు ఐదేళ్లు థర్డ్ పార్టీ బీమా కొనేటప్పుడే తీసుకోవాలి. 75 నుంచి 150 సీసీ లోపు బండికి ఆగస్టు దాకా ఏడాదికి 720 రూపాయలు కడితే సరిపోయేది. సెప్టెంబరు నుంచి ఒకేసారి 3,285 కట్టాల్సి వచ్చింది. 350 సీసీ పైబడిన బండికైతే 13,034.

అప్పట్లో 75-150 సీసీ బండికి ఐదేళ్లకు కలిపి కడితే కాస్త కలిసొచ్చేది. 720ని ఐదుతో గుణిస్తే 3,600, కట్టింది 3,285. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో ఈ లెక్క తిరగబడింది. అదే తరగతి బండికి ఏడాది రేటు 714, ఐదేళ్లకు 3,851. అంటే ఏడాదికోసారి కట్టే లెక్కకంటే 281 రూపాయలు ఎక్కువ. 150 నుంచి 350 సీసీకి ఏడాది 1,366, ఐదేళ్లకు 7,365. ఆపైన 2,804, 15,117. ఐదేళ్లలో రేట్లు పెరిగినా మధ్యలో అదనంగా అడగలేని కంపెనీ ఆ రిస్కును ముందే వసూలు చేసుకుంటోందన్నమాట. వీటి మీద 18 శాతం జీఎస్‌టీ అదనం కాబట్టి 3,851 కాస్తా 4,544 అవుతుంది. ఎలక్ట్రిక్ బండ్లకు థర్డ్ పార్టీలో 15 శాతం రాయితీ ఉంది.

ఇక్కడే అందరూ పడే గుంత ఒకటుంది. 'ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది' అనుకుంటారు. షోరూమ్‌లో ఇచ్చే పాలసీ సాధారణంగా '1+5' రకం: థర్డ్ పార్టీ ఐదేళ్లు, ఓడీ ఒక్క ఏడాదే. ఐదేళ్ల ఓడీ కూడా కలిపి అమ్మే ప్యాకేజీని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 ఆగస్టు 1 నుంచి ఉపసంహరించింది. రెండో ఏడాది మొదలయ్యాక బండి పోయినా, కాలిపోయినా, గుద్దుకుని నుజ్జయినా ఆ ఐదేళ్ల కాగితం మీద యజమానికి పైసా రాదు. దీనికోసమే విడిగా ఓడీ పాలసీ 2019 సెప్టెంబరు నుంచి దొరుకుతోంది, ఏ కంపెనీ దగ్గరైనా తీసుకోవచ్చు. పాత ఓడీ ముగిసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఓడీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. ఆ బోనస్ క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, ఆపై 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది కాబట్టి చిన్న గీతలకు క్లెయిమ్ చేసేముందు ఓ లెక్క వేసుకోవాలి.

వెనక కూర్చునేవారి సంగతి ఇంకా సున్నితం. చట్టం తప్పనిసరి చేసిన 'యాక్ట్' పాలసీ (థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నది) బండి వెనక కూర్చున్న వ్యక్తికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో చెప్పింది. థర్డ్ పార్టీ, ఓడీ రెండూ కలిసిన ప్యాకేజీ పాలసీలో వారికి కవర్ ఉంటుందని బీమా నియంత్రణ సంస్థ 2009లో స్పష్టం చేసింది. రోజూ భార్యనో, పిల్లల్నో ఎక్కించుకుని వెళ్లేవాళ్లు ఓడీని వదిలేసే ముందు ఈ తేడా చూసుకోవాలి. పాలసీలో వెనక కూర్చునేవారి గురించి ఏం రాశారో చదవాలి. యజమాని-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా మరో వరుస. టూవీలర్‌కు ఒకప్పుడు లక్ష రూపాయలే ఉన్న ఈ మొత్తాన్ని 2018లో 15 లక్షలకు పెంచారు, మొదట ఏడాదికి 750 రూపాయల ప్రీమియంతో. 2019 జనవరి నుంచి దీన్ని విడి పాలసీగా కూడా తీసుకోవచ్చు. ఇంట్లో రెండు బండ్లు ఒకరి పేరు మీదే ఉంటే, లేదా 15 లక్షల ప్రమాద బీమా ఇప్పటికే ఉంటే, మళ్లీ కట్టాల్సిన పనిలేదు. అడగకపోతే మాత్రం బిల్లులో చేరిపోతుంది.

డీలరే బీమా అమ్మడం వెనక కూడా ఒక ఏర్పాటుంది. 2017 నవంబరు నుంచి డీలర్లను మోటార్ ఇన్సూరెన్స్ సర్వీస్ ప్రొవైడర్లుగా నమోదు చేసి, టూవీలర్ ఓడీ ప్రీమియంలో వాళ్లకు ముట్టే వాటాకు అప్పట్లో 22.5 శాతం పరిమితి పెట్టారు. బీమా తమ దగ్గరే కొనాలని బలవంతం చేసే హక్కు డీలర్‌కు లేదు. డెలివరీ రోజుకి పాలసీ ఉండటమే చట్టం అడిగేది. బయట తెచ్చుకుంటామంటే 'క్యాష్‌లెస్ (రిపేరు బిల్లును బీమా కంపెనీయే నేరుగా గ్యారేజీకి కట్టే సదుపాయం) రాదు' అంటారు. క్యాష్‌లెస్ అన్నది ఆ బీమా కంపెనీ గ్యారేజీల జాబితాను బట్టి ఉంటుంది కాబట్టి ముందు ఆ జాబితా చూసుకుంటే సరి. బయటి కొటేషన్‌తో పోల్చేటప్పుడు రెండింటిలోనూ ఐడీవీ (బండి పూర్తిగా పోతే లెక్కలోకి తీసుకునే బీమా విలువ) ఒకేలా ఉండేలా చూడాలి. కొత్త బండికి అది ఎక్స్-షోరూమ్ ధరలో 95 శాతం. ఐడీవీ తగ్గించి ప్రీమియం చవగ్గా చూపించడం పాత చిట్కా. నిల్ డిప్ (భాగాల ఖరీదులో తరుగుదల కోత వేయని) యాడ్-ఆన్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం జేబులోంచే పోతుంది. స్కూటర్ బాడీలో ప్లాస్టిక్ ఎంతుంటుందో తెలిసిందే కాబట్టి మొదటి రెండు మూడేళ్లు ఆ ఖర్చు దండగ కాదు.

పన్నుల దగ్గరికొస్తే, 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు టూవీలర్లకు 28 శాతం పడింది, 350 సీసీ దాటితే 3 శాతం సెస్సు అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు 18 శాతానికి తగ్గింది, ఆపై బండ్లకు 40 శాతం అయింది. 28 శాతంతో లక్ష పడే బండి అసలు ధర 78,125. దాని మీద 18 శాతం వేస్తే 92,188 అవుతుంది. ఎక్స్-షోరూమ్ తగ్గితే ఐడీవీ, దాన్ని బట్టి ఓడీ ప్రీమియం కూడా తగ్గుతాయి. ఎలక్ట్రిక్ బండ్లకు 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. లైఫ్ ట్యాక్స్ రాష్ట్రాల చేతిలో ఉంది. చాలాకాలం 9 శాతంగా ఉన్నది, 50 వేలు దాటిన టూవీలర్లకు 2021-22 మార్పులతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 12 శాతానికి చేరింది. ఇప్పుడు 50 వేల లోపు బండి దొరకడమే అరుదు! దానికి కారణాలూ ఉన్నాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటితే ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే బ్రేకులు), లోపైతే సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు) తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలతో చాలా బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్లు వచ్చాయి. భాగాల ఖరీదు పెరిగింది, పెరిగిన ఖరీదు మీద శాతాల్లో పన్ను పడింది.

రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం చిన్నదే. 2016 డిసెంబరు చివర్లో సవరించిన రేట్ల ప్రకారం కొత్త బైక్ రిజిస్ట్రేషన్‌కు 300, ఫైనాన్స్ ఉంటే ఆ ఎంట్రీకి 500 రూపాయలు. హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు 2019 ఏప్రిల్ నుంచి తయారీదారే ఇవ్వాలి. హెల్మెట్ కూడా బండితోపాటు ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138 చెబుతోంది. అయినా బిల్లులో హెల్మెట్‌కు డబ్బు వేసేవాళ్లున్నారు. 'హ్యాండ్లింగ్', 'లాజిస్టిక్స్', 'యాక్సెసరీస్ కిట్', 'టెఫ్లాన్ కోటింగ్' అనే వరుసల వెనక ఏ చట్టమూ లేదు. ఒక్కో వరుసకు రసీదు అడిగితే వీటిలో కొన్ని వాటంతటవే మాయమవుతాయి.

ఇక ఫైనాన్స్. ఈ వ్యాపారం మొదట్నుంచీ మాట్లాడే భాష 'ఫ్లాట్ రేటు'. తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ లెక్కగట్టడమే దాని గుట్టు. 80 వేల అప్పు, 36 నెలలు, 10 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 24 వేలు, ఈఎంఐ 2,889. తగ్గే అసలు మీద లెక్కిస్తే అదే అప్పు వడ్డీ దాదాపు 18 శాతం. ప్రాసెసింగ్, డాక్యుమెంటేషన్ పేరుతో ముందే 3 వేలు పట్టుకుంటే 20.7 శాతం దాకా వెళ్తుంది. 'సగం కట్టేశాం కదా' అని 18 నెలలకు మొత్తం తీర్చడానికి వెళితే అసలు 40 వేలు కాదు, దాదాపు 45,300 మిగిలి ఉందంటారు. మోసమేమీ కాదు, మొదటి వాయిదాల్లో వడ్డీ భాగం ఎక్కువ. దానిమీద ముందస్తు చెల్లింపు రుసుం వేరు. టూవీలర్ అప్పులు ఎక్కువగా స్థిర వడ్డీవే కాబట్టి ఈ రుసుం తప్పడం కష్టం. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వ్యక్తులు తీసుకునే ప్రతి కొత్త అప్పుకూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల పత్రం) ఇవ్వాలి. అందులో అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక శాతం ఉంటుంది. సంతకానికి ముందు చూడాల్సిన అంకె అదొక్కటే. అలాగే 2024 ఏప్రిల్ నుంచి కొత్త అప్పుల్లో వాయిదా తప్పితే అపరాధ రుసుం మాత్రమే వేయాలి, దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ గుంజకూడదు. ఖాతాలో డబ్బు లేక ఈఎంఐ వెనక్కి వెళితే ఛార్జీ రెండుచోట్లా పడుతుంది, బ్యాంకులోనూ ఫైనాన్స్ కంపెనీలోనూ. ఆన్-రోడ్ మొత్తానికి ఫైనాన్స్ చేయించుకుంటే ఐదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం మీద, లైఫ్ ట్యాక్స్ మీద, చివరికి సీటు కవర్ మీద కూడా ఆ 18 శాతం వడ్డీ కడుతున్నట్టే. డౌన్ పేమెంట్‌కు ఉన్న డబ్బు కనీసం ఈ కాగితాల ఖర్చుకు సరిపోయేలా చూసుకోవడం మంచిది.

చివరి వాయిదాతో పని పూర్తికాదు. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంటుంది. కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), వాళ్ల సంతకంతో ఫారం 35 రెండు ప్రతులు తీసుకుని, ఆర్‌సీ, చెల్లుబాటయ్యే బీమా కాగితంతో ఆర్టీఏలో హెచ్‌పీ (ఆర్‌సీలోని ఫైనాన్స్ ఎంట్రీ) తొలగింపుకు దరఖాస్తు చేయాలి. చాలా ఎన్‌ఓసీల గడువు 90 రోజులే, దాటితే మళ్లీ తెచ్చుకోవాలి. ఆ తర్వాత కొత్త ఆర్‌సీ చూపించి బీమా కంపెనీతో పాలసీలోనూ ఆ పేరు తీయించాలి. లేదంటే బండి దొంగతనానికి గురైన రోజున క్లెయిమ్ డబ్బు కోసం, ఎప్పుడో తీరిపోయిన అప్పు తాలూకు ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.