బీపీ పట్టీ చూస్తేనే గుండె దడ: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఏ ఆసుపత్రికి వెళ్లినా బీపీ చూసే బల్ల దగ్గర ఒక మాట వినిపిస్తుంది: "ఇప్పుడొద్దండీ, దడగా ఉంది, తగ్గాక చూపించుకుంటాను." ఆ తగ్గే రోజు రాదు. ఈసారి తప్పించుకున్న కొద్దీ వచ్చేసారి భయం ఇంకా పెరుగుతుంది. నిజానికి భయం పోయేదాకా ఆగక్కర్లేదు. భయం ఉండగానే బీపీని సరిగ్గా పట్టుకునే పద్ధతులున్నాయి.

అపోహ: భయంతో పెరిగేది దొంగ బీపీ, లెక్కలోకి రాదు.

పెరిగింది నిజమైన రక్తపోటే. కాకపోతే ఎక్కువసేపు నిలవదు. 1983లో ఇటలీలో మాంచియా అనే డాక్టరు బృందం రోగుల ధమనిలోనే సన్నగొట్టం పెట్టి, డాక్టరు మంచం దగ్గరికి రాకముందు నుంచీ పోటును ఆపకుండా నమోదు చేసింది. డాక్టరు వచ్చిన నాలుగు నిమిషాల్లోపే పై అంకె సగటున 27, కింది అంకె 15 దాకా ఎగబాకాయి. పది నిమిషాలకల్లా చాలావరకు దిగాయి. అంటే గదిలోకి అడుగుపెట్టగానే తీసిన మొదటి అంకెతో ఏదీ తేల్చకూడదు.

మందులు వాడని మనిషికి ఆసుపత్రిలో 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చి, ఇంట్లో సగటు 135/85 లోపే ఉంటే దాన్ని వైట్ కోట్ బీపీ అంటారు. "నాది అదేలెండి" అని ఎవరికి వారు తీర్పు చెప్పుకోవడం మాత్రం తప్పు. ఇంటి లెక్క చూపించాలి. అదేనని తేలినా ఏడాదికోసారి చూసుకోవాలి, వీరిలో కొందరికి తర్వాత అసలు బీపీ వచ్చి స్థిరపడుతుంది. దీనికి తలకిందుల రకమూ ఉంది: ఆసుపత్రిలో మామూలుగా, ఇంట్లో ఎక్కువగా. ఎవరికీ అనుమానం రాదు కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం.

అపోహ: బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు.

ఎలా కూర్చున్నారన్నదీ లెక్కే. బస్సు దిగి, వరుసలో నిలబడి, ఆనుకోవడానికి ఏమీ లేని బెంచీ చివర ఒదిగి కూర్చుంటే అది విశ్రాంతి కాదు. వీపు కుర్చీకి ఆనాలి. రెండు పాదాలూ నేలకు తగలాలి, కాలు మీద కాలు వేయకూడదు. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి పది సెంటీమీటర్లు కిందికి వేలాడినా పై అంకె ఏడెనిమిది పెరుగుతుంది. దాన్ని మీరే ఎత్తి పట్టుకున్నా కండరం బిగిసి అంకె పెరుగుతుంది.

ముందు మూత్రానికి వెళ్లి రండి. ఆపుకుని కూర్చుంటే పోటు పెరుగుతుంది, భయస్తులకు ఆ అవసరం మరీ ఎక్కువ. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, బీడీ, ఖైనీ వద్దు. గుడాఖు కూడా పొగాకే. పళ్లు తోముకున్నట్టే అనుకుని చాలామంది చెప్పరు, గుడాఖు రుద్దుకుని నేరుగా వచ్చేస్తారు.

పట్టీని బట్ట మీద కాకుండా ఒంటి మీద, మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన కట్టాలి. బిగుతు రవిక చెయ్యి, పైకి మడిచిన చొక్కా చెయ్యి కట్టు కట్టినట్టు పట్టేస్తాయి. వాటిని వదులు చేయాలి లేదా తీసేయాలి. కోరాపుట్ చలికాలంలో స్వెటరు మీదే కట్టించుకోవడం చూస్తుంటాం, అది కొలత కాదు. చలికే పోటు కొంత పెరుగుతుంది, అందుకని గది కాస్త వెచ్చగా ఉండాలి. పట్టీలోని గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టుకోవాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ఎన్ని సెంటీమీటర్ల చేతికో పట్టీ మీదే రాసి ఉంటుంది.

ఇక మాటలు. పట్టీ బిగుస్తుండగానే నర్సు దీదీ ఒడియాలో ఊరు, పేరు, మందులు అడుగుతుంది. మనవాళ్లు పదాలు వెతుక్కుంటూ జవాబిస్తారు. మామూలు కబుర్లకే పై అంకె పది దాకా పెరుగుతుంది, రాని భాషలో తడబడుతుంటే చెప్పేదేముంది! పట్టీ వదులయ్యాకే చెప్పండి, దీదీ ఏమీ అనుకోదు.

అపోహ: పట్టీ రెండోసారి బిగిస్తే పోటు మితిమీరిందన్నమాట.

ఎక్కువమందిని హడలగొట్టేది ఇదే. డిజిటల్ మెషీను పట్టీని బిగించి, గాలి వదులుతూ, నాడి కొట్టుకున్నప్పుడల్లా పట్టీలో పుట్టే చిన్న కంపనాలను చదువుతుంది. మీరు చెయ్యి కదిపినా, పిడికిలి బిగించినా, దగ్గినా ఆ కంపనాలు చెదిరిపోతాయి. అప్పుడు మళ్లీ బిగిస్తుంది. మొదట ఎక్కించిన గాలి చాలకపోయినా అంతే. దాన్నిబట్టి మీ పోటు ఇంతని చెప్పలేం. ఆ బిగుతుకు నరం తెగిపోదు. తిమ్మిరి, వేళ్లు ఎర్రబడటం పట్టీ వదలగానే పోతాయి.

ఆ కాసేపు ఊపిరి బిగబట్టకండి. అరచెయ్యి పైకి తిప్పి, వేళ్లు వదులుగా వదిలేయండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. దీన్ని కూర్చున్న ఐదు నిమిషాల్లోనే మొదలుపెట్టాలి. పట్టీ బిగిశాక గుర్తొస్తే లాభం లేదు.

అపోహ: ఎక్కువొస్తే తగ్గేదాకా కొలుస్తూనే ఉండాలి.

ఇంట్లో మెషీను కొన్నవాళ్లు పడే గుంట ఇది. 150 చూశారు, కంగారుపడ్డారు, వెంటనే కొలిస్తే 160. ఇంకోసారి కొలిస్తే ఇంకా ఎక్కువ. అప్పుడు మీరు కొలుస్తున్నది మీ కంగారునే.

పొద్దున మందు వేసుకోకముందు, సాయంత్రం ఒకసారి కూర్చోండి. కూర్చున్నప్పుడల్లా నిమిషం ఎడంతో రెండు కొలతలే. ఇలా ఏడు రోజులు. మొదటి రోజువి కొట్టేసి మిగతా వాటికి సగటు కట్టాలి. ఏ ఒక్క అంకెకూ విలువ లేదు, సగటుకే ఉంది. ఎక్కువవి దాచేసి తక్కువవే రాసుకునేవాళ్లూ ఉంటారు, అలాంటి పుస్తకం డాక్టరుకు పనికిరాదు. మణికట్టు మెషీన్లు అంత నమ్మకమైనవి కావు, జబ్బకు కట్టేది కొనండి.

పట్టీ చూస్తేనే వణికేవాళ్లు మెట్లు మెట్లుగా రావాలి. రెండు రోజులు పట్టీని ఊరికే పక్కన పెట్టుకుని కూర్చోండి. తర్వాత రెండు రోజులు కట్టుకోండి, బటన్ నొక్కొద్దు. ఆ తర్వాత నొక్కండి, కానీ తెరను అటు తిప్పేసి, అంకెలు ఇంట్లోవాళ్లతో రాయించండి. వారం చివర సగటే చూడండి. ఇదీ కుదరకపోతే 24 గంటలు ఒంటికి తగిలించే మెషీను గురించి డాక్టరును అడగవచ్చు. అది పగలు ఇరవై, ముప్పై నిమిషాలకోసారి, రాత్రి నిద్రలోనూ కొలుస్తుంది.

అపోహ: తలనొప్పి లేదు, తల తిరగడం లేదు, ఇక చూపించుకోవడమెందుకు?

ఎక్కువ బీపీ చాలామందిలో ఏ కబురూ చేయదు.

అపోహ: పరీక్ష ఉందంటే పరగడుపున, మందు మానేసి రావాలి.

బీపీ చూడటానికి ఉపవాసం అక్కర్లేదు. రక్తపరీక్ష కోసం పరగడుపున వచ్చినా, డాక్టరు మానమని చెప్తే తప్ప బీపీ మాత్ర నీళ్లతో వేసుకోవచ్చు.

అపోహ: 180 దాటితే నాలుక కింద మాత్ర పెట్టాలి.

ఒకప్పుడు నిఫెడిపిన్ అనే బీపీ మందు గొట్టం మాత్రను (క్యాప్సూల్) అలా వాడేవారు. పోటు ఒక్కసారిగా పడిపోయి మెదడుకు, గుండెకు రక్తం చాలక ప్రమాదాలు జరగడంతో వైద్యులు మానేశారు. ఇంట్లో ఇంకొకరి మాత్ర తీసి ఇవ్వడమూ అంతే. 180/120 దాటినా ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ కొలవండి. అప్పుడూ అలాగే ఉంటే ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. దాంతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర, చెయ్యీ కాలూ పడిపోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం ఉంటే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇవేవీ లేక, ఉన్నది భయమొక్కటే అయితే బల్ల దగ్గర దాచుకోకండి. ఒడియా రాదనుకునేవారికి ఈ రెండు ముక్కలు చాలు: "మోతె డర లాగుఛి" అంటే నాకు భయమేస్తోంది అని. "టికె పరె ఆఉ థరె దెఖంతు" అంటే కాసేపాగి ఇంకోసారి చూడండి అని.