రెండు సంస్కృతుల మధ్య పెరిగే పిల్లల నవలలు: అపోహలు - వాస్తవాలు

టీనేజ్ పాఠకుల కోసం రాసే నవలల రాతప్రతులు చదివి సరిదిద్దడం నా పని. వలస కుటుంబాల పిల్లల కథలు వాటిలో చాలానే వస్తాయి. రాసేవాళ్లు మారినా కొన్ని నమ్మకాలు మాత్రం మారవు.

అపోహ: ఇంటికీ బయటికీ మధ్య నలిగిపోవడమే కథ.

అది స్థితి మాత్రమే, కథ కాదు. పదహారేళ్ల అమ్మాయికి ఏం కావాలి? నాటకంలో వేషమా, దూరమైన స్నేహితురాలా, సొంత గదా? అది తేలితే రెండు సంస్కృతులూ ఆ కోరికకు ఎక్కడ అడ్డొస్తాయో, ఎక్కడ కలిసొస్తాయో చూపించొచ్చు. వలస వచ్చినవాళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ నాలుగు తీరులు చెప్పారు: రెంటినీ నిలుపుకోవడం, కొత్తదానిలో కలిసిపోవడం, పాతదాన్నే అంటిపెట్టుకోవడం, రెంటికీ దూరమవడం. నా బల్ల మీదికి వచ్చే కథల్లో రెంటికీ చెడ్డ రేవడే ఎక్కువ. రెండూ హాయిగా నడుపుకొచ్చే పిల్లలో కథేముంటుందని కాబోలు!

అపోహ: తల్లిదండ్రులు పాతకాలపు మనుషులు, వాళ్లే విలన్లు.

మంచి కథలు చేజారేది ఇక్కడే. దేశం వదిలినవాళ్లు తరచూ తాము బయల్దేరిన నాటి పద్ధతులనే పట్టుకుని ఉంటారు. ఈలోగా అక్కడి బంధువులు మారిపోతారు. తండ్రి పెట్టే ఆంక్ష అక్కడున్న మేనత్త ఇంట్లోనే లేదని కూతురికి తెలిసే సన్నివేశం పది వాదనల పెట్టు.

ఇంకోటి, భాష. పిల్లలకు కొత్త భాష తొందరగా వస్తుంది కాబట్టి ఆసుపత్రిలో, బ్యాంకులో, స్కూల్ మీటింగులో పెద్దల తరఫున మాట్లాడే పని వాళ్ల మీద పడుతుంది. పరిశోధకులు దీన్ని లాంగ్వేజ్ బ్రోకరింగ్ అంటారు. తల్లి జబ్బు గురించి డాక్టర్ అన్న మాట పన్నెండేళ్ల కొడుకు ఆమెకు చెప్పాలి. ఉన్నదున్నట్టు చెబుతాడా, కాస్త తగ్గిస్తాడా? (టీచర్ ఫిర్యాదును పొగడ్తగా మార్చేసే తుంటరులూ ఉంటారు.) ఇంట్లో పెద్దరికం కాసేపు చేతులు మారుతుంది. పిల్లాడికి అది గర్వమూ, భయమూ కూడా. ఇంత సరుకు ఉన్నప్పుడు విలన్ ఎందుకు?

అపోహ: ఈ పుస్తకాలు ఆ సమాజం పిల్లలకే.

పిల్లల పుస్తకాలు కొందరికి అద్దాలు, కొందరికి కిటికీలు, లోపలికి అడుగు పెట్టనిచ్చే గాజు తలుపులు అని బాలసాహిత్య పరిశోధకురాలు రుడీన్ సిమ్స్ బిషప్ 1990లోనే రాశారు. అయితే బయటివాళ్లనే తలుచుకుంటూ రాస్తే ప్రతి పండుగకీ వివరణ మొదలవుతుంది. పదిహేనేళ్ల పిల్ల తన ఇంటి పండుగను తనకు తాను వివరించుకోదు కదా.

అపోహ: పూర్వీకుల దేశానికి వెళ్లొస్తే అన్నీ తేలిపోతాయి.

అక్కడ యాస వినగానే పరాయి పిల్ల అని గుర్తుపడతారు. సెలవులయ్యాక మళ్లీ అదే స్కూలు.

అపోహ: అనుభవించినవాళ్లు రాస్తే చాలు, అదే నిజమైన కథ.

తమ సమాజం గురించి తామే రాసే వాళ్ల పుస్తకాల కోసం 2015లో రచయిత కొరిన్ డైవిస్ మొదలుపెట్టిన ఓన్‌వాయిసెస్ హ్యాష్‌ట్యాగ్ ఇలాంటి రచయితలకు గుర్తింపు తేవడానికి పనికొచ్చింది. ఆ ముద్ర అస్పష్టంగా ఉందనీ, రచయితలను ఇబ్బందుల్లో పెడుతోందనీ, పిల్లల పుస్తకాల్లో వైవిధ్యం కోసం పనిచేసే వి నీడ్ డైవర్స్ బుక్స్ సంస్థ 2021లో దాన్ని వాడటం మానేసింది. అనుభవం విలువైనదే. కానీ నలభై ఏళ్లకు వచ్చిన అవగాహనను పదిహేనేళ్ల పాత్ర నోట పెడితే అది జ్ఞాపకాల పుస్తకం అవుతుంది. అమ్మ ఎందుకలా చేసిందో ఆ పాత్రకు ఇంకా అర్థం కాకూడదు. అలాంటి వాక్యాలు కనబడితే నేను ముందు కొట్టేసేది వాటినే.