‘ఎగ్జాక్ట్‌లీ’ మీద అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో 11 ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. మా పిల్లలు మొదటి వారంలోనే పట్టుకుని, ఆరు నెలలైనా తప్పుగానే వాడే మాట ఒకటుంది. అదే ఎగ్జాక్ట్‌లీ. గ్రామర్ రాక కాదు. మన ‘కచ్చితంగా’, ‘సరిగ్గా’ చేసే పనులన్నీ దాని నెత్తినే పెట్టేస్తున్నారు.

అపోహ: ‘కచ్చితంగా’ అంటే ఎగ్జాక్ట్‌లీ.

వాస్తవం: సగమే నిజం. ‘కచ్చితంగా ఎంతైంది?’ అన్నప్పుడు అడిగేది లెక్క. ‘కచ్చితంగా వస్తాను’ అన్నప్పుడు ఇచ్చేది మాట. ఎగ్జాక్ట్‌లీ లెక్కకే పనికొస్తుంది. మాట ఇవ్వడానికి డెఫినెట్‌లీ ఉంది. రొయ్యల ఎగుమతి కంపెనీలో పనిచేసే కుర్రాడొకడు ఓ సాయంత్రం క్లాసయ్యాక ఫోన్ చూపించాడు. బయ్యర్‌కి పంపబోయే మెసేజ్: ‘వి విల్ ఎగ్జాక్ట్‌లీ సెండ్ టుమారో’.

“ఇందులో తప్పేంది సార్? కచ్చితంగా పంపిస్తామనే కదా రాసింది?”

“ఎన్ని టన్నులు పంపిస్తారు?”

“పది సార్. కిలో కూడా తగ్గదు.”

“ఎగ్జాక్ట్‌లీ అన్న మాట ఆ పది పక్కన పెట్టు. పంపడం పక్కన డెఫినెట్‌లీ పెట్టు.”

‘వి విల్ డెఫినెట్‌లీ సెండ్ ఎగ్జాక్ట్‌లీ టెన్ టన్స్ టుమారో’ అని రాసుకుని, పైకి రెండుసార్లు చదువుకున్నాడు. తేడా ఏంటో ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

‘సరిగ్గా’తోనూ ఇదే చిక్కు. ‘సరిగ్గా తొమ్మిదింటికి’ అంటే ఎగ్జాక్ట్‌లీ. ‘సరిగ్గా వినపడలేదు’ అంటే ప్రాపర్‌లీ. మన మాటల్లో దీనికి నికరంగా సరిపోయేది ‘అచ్చం’. ‘అచ్చం వాళ్ల నాన్నలాగే ఉన్నాడు’ అన్నదాన్ని ‘ఎగ్జాక్ట్‌లీ లైక్ హిజ్ ఫాదర్’ అని ధైర్యంగా అనేయొచ్చు.

అపోహ: ‘నాట్ ఎగ్జాక్ట్‌లీ’ అంటే దాదాపు అవునన్నట్టే.

వాస్తవం: చాలాసార్లు అది మెత్తగా చెప్పిన ‘కాదు’. ‘ఇట్స్ నాట్ ఎగ్జాక్ట్‌లీ చీప్’ అంటే ఇంచుమించు చవకే అని అర్థం చేసుకునేవాళ్లను ఎంతమందిని చూశానో. నిజానికి ఖరీదెక్కువనే అంటున్నారు. మనం ‘అంత చవకేం కాదులే’ అంటామే, అదే. ‘హీ ఈజ్ నాట్ ఎగ్జాక్ట్‌లీ హార్డ్‌వర్కింగ్’ అని మేనేజర్ అన్నాడంటే ఆ మనిషికి ఒళ్లు వంగదని చెప్పినట్టు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఈ ఒక్కటి పట్టుకోవాలని నా కోరిక, ఎందుకంటే ఇక్కడ పొరబడితే కాదన్న పనిని ఔనన్నారనుకుని మొదలుపెట్టేస్తాం.

క్షణం కూడా తేడా లేకపోతేనే ఈ మాట వాడాలని కొందరి భయం. అక్కర్లేదు. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 పైకి లేచింది మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాల 17 సెకన్లకు. ఆ రోజు మిద్దె ఎక్కి చూసినవాళ్లు ‘ఎట్ ఎగ్జాక్ట్‌లీ టూ థర్టీఫైవ్’ అంటే తప్పేమీ లేదు. కంట్రోల్ రూములో ఉన్నవాళ్లకు మాత్రం ఆ 17 సెకన్లూ కావాలి. కానీ ‘ఎగ్జాక్ట్‌లీ ఎరౌండ్ టెన్’ అనకండి. ‘సరిగ్గా సుమారు పదింటికి’ అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

అపోహ: చివర ‘లీ’ ఉన్నా లేకున్నా ఒకటే.

వాస్తవం: ‘ఎగ్జాక్ట్ ఆపోజిట్ ఆర్టీసీ బస్టాండ్’ అని అడ్రస్ చెబుతుంటారు. ‘ఎగ్జాక్ట్‌లీ ఆపోజిట్’ అంటేనే ఎదురుగా అని. ‘ది ఎగ్జాక్ట్ ఆపోజిట్’ అంటే పూర్తిగా విరుద్ధం అని వేరే అర్థం. అలాగే ‘ఎగ్జాక్ట్‌లీ సేమ్’ కాదు, ‘ఎగ్జాక్ట్‌లీ ది సేమ్’.

పలికేటప్పుడు మధ్యలో ‘ట్’ వినపడకపోయినా కంగారు పడొద్దు, ఇంగ్లిష్ వాళ్లూ మింగేస్తారు.

ఇక ఇంటర్వ్యూలో ప్రతి ప్రశ్నకూ ‘ఎగ్జాక్ట్‌లీ’ అనే అలవాటు. ‘నేననేదీ అదే కదా!’ అనాల్సిన చోట ఆ మాట అందం. ‘డిగ్రీ 2022లో అయిందా?’ అని అడిగితే మాత్రం ‘యెస్ సర్’ చాలు.