"పోయింది పోయిందిలే" అనుకునే ముందు: బ్యాంకు కౌంటర్ ఇవతలి నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

సోమవారం పొద్దున షట్టర్ ఎత్తకముందే గేటు దగ్గర ఎవరైనా నిలబడి ఉంటే నాకు గుండెల్లో గుబులు మొదలవుతుంది. పింఛను కోసం వచ్చినవాళ్ళు నీడ చూసుకుని కూర్చుంటారు. గోల్డ్ లోన్ వాళ్ళు ఫోన్ చూసుకుంటూ ఉంటారు. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం కూర్చోరు. పాస్‌బుక్ గొట్టంలా చుట్టి పట్టుకుని, నన్ను చూడగానే "మేడమ్, ఒక్క నిమిషం పక్కకి వస్తారా" అంటారు. ఆ "పక్కకి" అన్న మాటతోనే నాకు విషయం అర్థమైపోతుంది.

ఆ మధ్య అలా వచ్చినాయన ఒక రిటైర్డ్ మాస్టారు. మాది పశ్చిమ గోదావరిలో చిన్న ఊరు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు మా బ్రాంచిలోనే ఇద్దరున్నారు. రెండో శనివారం మధ్యాహ్నం ఆయనకి ఫోన్ వచ్చింది. కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రికి లైన్ కట్ చేస్తాం, వాట్సాప్‌లో పంపిన ఫైల్ ఇన్‌స్టాల్ చేసి 10 రూపాయలు కట్టండి అని. ఆయన ఇన్‌స్టాల్ చేశారు. అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చారు. అది ఏపీకే ఫైల్, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి యాప్‌ని ఎక్కించే ఫైల్. అది ఫోన్‌లోకి వచ్చే మెసేజ్‌లన్నీ, ఓటీపీలతో సహా, అవతలివాడికి చేరవేస్తుంది. అరగంటలో మూడు విడతలుగా 1,86,000 రూపాయలు వెళ్ళిపోయాయి.

ఒంటిగంటకల్లా ఆయనకి సంగతి తెలిసిపోయింది. మా దగ్గరకి వచ్చింది సోమవారం పొద్దున పదింటికి. అంటే 45 గంటలు.

"శని, ఆదివారాలు ఏం చేశారు మాస్టారూ?" అని అడిగాను.

"బ్యాంకు సెలవు కదమ్మా. తెరిచాక మీతో చెబుదామని."

ఇంట్లో చెప్పలేదు. అన్నం ఎందుకు తినట్లేదని ఆవిడ అడిగితే కడుపు ఉబ్బరం అన్నారట. ఆవిడ రెండు రోజులు వాము నీళ్ళు కాచి ఇచ్చారు. నా ఫోన్ నుంచే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కలిపి ఆయన చేతికిచ్చాను. చివరికి పట్టుబడ్డది 7,300. మిగతాదంతా శనివారం సాయంత్రమే వేరే రాష్ట్రంలో ఏటీఎంల నుంచి బయటికి పోయిందని తర్వాత తెలిసింది.

అదే నెలలో, మా బ్రాంచికి నాలుగు షాపుల అవతల టిఫిన్ సెంటర్ నడిపే ఆవిడకి కూడా 62,000 పోయాయి. దాదాపు ఇదే మోసం. కాకపోతే ఆవిడ కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, వాడు పక్కనే ఉన్నాడు. పావుగంటలో 1930కి కొట్టాడు. 51,000 మోసగాళ్ళు మళ్ళించిన రెండో ఖాతాలో ఆగిపోయాయి. మాస్టారి కంటే ఆవిడకి తెలివెక్కువ అని కాదు. పావుగంటకీ 45 గంటలకీ ఉన్న తేడా అది.

అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం ఒక్క అపోహకే ఖర్చుపెడుతున్నాను.

అపోహ: "డబ్బు పోయాక ఇంక చేసేదేం ఉండదు. బ్యాంకు తెరిచాక మేనేజర్‌ని కలుద్దాం."

బ్యాంకు మనిషినై ఉండి చెబుతున్నాను: మా దగ్గరకి మొదట రాకండి. ముందు 1930. అది సెలవు రోజుల్లోనూ పనిచేస్తుంది, డబ్బేమీ పడదు. కేంద్ర హోంశాఖ కింద 2021లో పెట్టిన ఏర్పాటు ఇది. మొదట్లో నంబరు 155260 ఉండేది, తర్వాత 1930 చేశారు. పాత నంబరే ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళుంటే మార్చుకోండి.

మా దగ్గరకి ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మీ డబ్బు వెళ్ళింది వేరే బ్యాంకు ఖాతాలోకి. ఆ ఖాతాని ఆపే అధికారం నాకు లేదు, మా మేనేజర్ గారికీ లేదు. మేం మెయిల్ పెట్టాలి, అది మా పై ఆఫీసుకి వెళ్ళాలి, వాళ్ళు అవతలి బ్యాంకుకి రాయాలి. అదే 1930కి చేస్తే, వాళ్ళు ఎక్కించిన ఫిర్యాదు ఆన్‌లైన్‌లో నేరుగా మీ బ్యాంకుకీ, డబ్బు చేరిన బ్యాంకుకీ వెళ్తుంది. అక్కడ డబ్బు ఇంకా ఉంటే ఆపేస్తారు. మా భాషలో లియన్ పెట్టడం అంటాం. అప్పటికే ఇంకో బ్యాంకుకి దాటిపోతే ఫిర్యాదు దాని వెంటే ఆ బ్యాంకుకి పోతుంది.

మోసగాడు మీ డబ్బుని ఒకే ఖాతాలో ఉంచుకోడు. మొదట ఒకడి ఖాతా, అక్కడి నుంచి ఐదారు ఖాతాలు, వాటి నుంచి ఇంకొన్ని, చివర్లో ఏటీఎం దగ్గరో క్రిప్టో దగ్గరో ఆనవాలు లేకుండా పోతుంది. ఈ పరుగులో డబ్బు ఇంకా బ్యాంకుల లోపల ఉన్నంతసేపే దాన్ని పట్టుకోగలిగేది. గడప దాటి బయటికి పోయిందంటే లియన్ పెట్టడానికి ఏమీ మిగలదు.

ఫోన్ చేశాక అవతలివాళ్ళు అడిగేవి ఇవి: ఏ ఖాతా నుంచి పోయింది, ఎంత, ఎన్నింటికి, లావాదేవీ నంబరు. యూపీఐ అయితే యాప్‌లో ఆ పేమెంట్ మీద నొక్కితే 12 అంకెల యూటీఆర్ నంబరు కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి. లైన్లో ఉండి యాప్‌లో వెతుక్కునేసరికి చేతులు వణుకుతాయి, కాల్ కట్ అవుతుంది. నా కళ్ళ ముందే జరిగింది. మెసేజ్‌లో వచ్చే అకనాలెడ్జ్‌మెంట్ నంబరు దాచుకోండి, తర్వాత ప్రతి చోటా అదే అడుగుతారు. 1930 లైన్ దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మీరే ఎక్కించవచ్చు. అది అయ్యాకే మీ బ్యాంకు కస్టమర్ కేర్‌కి చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించండి. ఆ కస్టమర్ కేర్ నంబరు కూడా కార్డు వెనకో పాస్‌బుక్ మీదో చూసి కొట్టండి. దయచేసి గూగుల్‌లో వెతక్కండి. పోయిన డబ్బు కోసం గూగుల్‌లో నంబరు వెతికి, ఇంకొక మోసగాడికి తానే ఫోన్ చేసినవాళ్ళని నేను చూశాను.

"ఓటీపీ నేనే చెప్పాను కదా, తప్పు నాదే కదా, ఎవరు పట్టించుకుంటారు?" అని ఆగిపోయేవాళ్ళు చాలామంది. ఓటీపీ చెప్పినా, పిన్ కొట్టినా, మీ చేతులతో మీరే పంపినా ఫిర్యాదు తీసుకుంటారు. ఆర్‌బీఐ 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల్లో ఒక ముక్క అందరూ తెలుసుకోవలసింది ఉంది. మీ పొరపాటు వల్లే మీ ఖాతా వివరాలు అవతలివాడి చేతికి చిక్కినా, మీరు బ్యాంకుకి తెలియజేసే వరకు జరిగిన నష్టమే మీది. తెలియజేసిన తర్వాత మీరు చేయని లావాదేవీ ఏదైనా ఆ ఖాతాలో జరిగితే ఆ నష్టం బ్యాంకుది. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా, మీకు తెలియకుండా డబ్బు పోతే, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లో చెబితే మీ మీద భారం సున్నా. ఆలస్యమయ్యేకొద్దీ మీ వాటా పెరుగుతుంది. అందుకే ఏ ఫిర్యాదు ఇచ్చినా తేదీ, టైం వేసిన రసీదు అడిగి తీసుకోండి. మేం ఇవ్వకపోతే నిలబడి అడగండి, సిగ్గుపడాల్సింది మేము.

ఆగిన డబ్బు మర్నాడే ఖాతాలో పడిపోదు. దానికి చాలాసార్లు కోర్టు ఆర్డర్ కావాలి. టిఫిన్ సెంటర్ ఆవిడ స్టేషన్‌కీ కోర్టుకీ తిరిగి తెచ్చుకోవడానికి నెలలు పట్టింది. తెలంగాణలో ఇలాంటి రీఫండ్‌లు లోక్ అదాలత్‌లలో కూడా తేలుస్తున్నారు. ఈ ఎదురుచూపుల్లోనే రెండో దెబ్బ పడుతుంది. "మీ డబ్బు దొరికింది, రిలీజ్ చేయడానికి 4 వేలు ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తుంది. మీరు ఒకసారి మోసపోయారని వాడికి తెలుసు, ఎందుకంటే మీ నంబరు అమ్మింది ఆ మొదటివాడే కావచ్చు. పోలీసులు గానీ బ్యాంకు గానీ రీఫండ్‌కి ఫీజు అడగరు.

ఇంక పరువు సంగతి. చదువురానివాళ్ళే మోసపోతారన్నది ఒట్టి మాట. మా కస్టమర్లలో ఆడిటర్ ఉన్నారు, ఇంజనీర్లు ఉన్నారు. అంతెందుకు, నేనూ ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే పార్సిల్ అడ్రస్ తప్పుగా ఉంది, 5 రూపాయలు కట్టి సరిచేసుకోండి అని మెసేజ్. నిజంగానే నాకు పార్సిల్ రావాలి. లింక్ నొక్కాను, కార్డు నంబరు 16 అంకెల్లో 12 కొట్టేశాను కూడా. అప్పుడు స్టవ్ మీద పాలు పొంగాయి. గిన్నె దించి, గట్టు తుడిచి వచ్చేసరికి ఆ పేజీ చిరునామా చూడాలనిపించింది. ఏవో పిచ్చి అక్షరాలు. రోజంతా కస్టమర్లకి జాగ్రత్తలు చెప్పే మనిషిని కాపాడింది పొంగిన పాలు. మాస్టారికి ఈ సంగతి చెప్పాకే ఆయన ఇంటికి ఫోన్ చేసి ఆవిడతో మాట్లాడారు.

మిగతావి గబగబా.

అపోహ: "ఫలానా నంబరు నుంచి కాల్ ఎత్తితే చాలు, ఖాతా ఖాళీ." నెలకోసారి ఈ వాట్సాప్ ఫార్వర్డ్ మా కాలనీ గ్రూపులో తిరుగుతుంది, నెలనెలా అది నిజం కాదని చెప్తాను, ఓపిక అయిపోయింది. కాల్ ఎత్తినంత మాత్రాన డబ్బు పోదు. ఎత్తాక వాడు చెప్పింది మీరు చేస్తే పోతుంది. దీనికి తమ్ముడు ఇంకోటుంది: ఎవరో మీ ఖాతాలో చిన్న మొత్తం వేస్తారట, మీరు బ్యాలెన్స్ చూసుకోవడానికి పిన్ కొట్టగానే మొత్తం లాగేస్తారట. బ్యాలెన్స్ కోసం కొట్టిన పిన్ బ్యాలెన్స్‌కే. పేమెంట్‌కి ఆ పేమెంట్ తెర మీద విడిగా కొట్టాలి. ఈ పుకార్లకి భయపడి కొందరు అసలైన బ్యాంకు కాల్ కూడా ఎత్తడం మానేశారు. ఇప్పుడు బ్యాంకుల సర్వీసు కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు, అది గుర్తుపెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: "డబ్బులు రావాలంటే స్కాన్ చేసి పిన్ కొట్టాలి." అక్కర్లేదు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పోవడమే.

అపోహ: "వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాళ్ళు కనిపించారు, నిజం పోలీసులే." వీడియో కాల్‌లోనే "నిన్ను అరెస్ట్ చేశాం, డబ్బు కట్టు" అని బెదిరించే ఈ డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లోనూ ఇదే చెప్పారు. అయినా ఎఫ్‌డీ బ్రేక్ చేయడానికి వచ్చేవాళ్ళు ఆగలేదు. ఒకాయన జేబులో ఫోన్ ఆన్‌లోనే పెట్టుకుని వచ్చారు, అవతలివాడు వింటున్నాడు. "ఎందుకండీ అంత అర్జెంటు?" అంటే "అమ్మాయి పెళ్ళి" అన్నారు. వాళ్ళమ్మాయి పెళ్ళికి నేను భోజనం చేసొచ్చాను. సిస్టమ్ పనిచేయట్లేదని అబద్ధం చెప్పి, ఒక కాగితం మీద "ఫోన్ కట్ చేయండి, నేను చూసుకుంటాను" అని రాసి ఆయన ముందుకి తోశాను. ఆయన ఆ కాగితం వైపు చాలాసేపు చూశారు. తర్వాత ఫోన్ తీసి స్విచాఫ్ చేశారు.

అపోహ: "తెలుగులో మాట్లాడాడు, మనవాడే." ఉద్యోగాలని చెప్పి కంబోడియా తీసుకెళ్ళి, అక్కడ మన కుర్రాళ్ళ చేతే మనకి ఫోన్లు చేయించారు. 2024 మేలో విశాఖ పోలీసులు ఏజెంట్లని అరెస్ట్ చేశాకే ఆ గుట్టు చాలామందికి తెలిసింది. యాస చూసి నమ్మే రోజులు పోయాయి.

అపోహ: "ఖాతా నాదే కానీ డబ్బు నాది కాదు, నాకేం సంబంధం?" ఇది కుర్రాళ్ళకి. నెలకి 5 వేలు ఇస్తాం, నీ పేరు మీద ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ మాకివ్వు అంటారు. పైన చెప్పిన ఐదారు ఖాతాలు ఇలా పుట్టినవే. పోలీసులు మొదట వచ్చేది ఆ పేరున్నవాడి ఇంటికే. మా బ్రాంచిలో ఒక బీటెక్ కుర్రాడు స్నేహితుడికి "రెండు రోజులు" కార్డు ఇచ్చాడు. ఎక్కడో కర్ణాటకలో ఫిర్యాదు, ఇక్కడ వాడి ఖాతా ఫ్రీజ్. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆ ఖాతాలోనే ఇరుక్కుంది. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. ప్రతి మంగళవారం వచ్చి "ఏమైనా వచ్చిందా మేడమ్" అని అడుగుతాడు. అక్కడి స్టేషన్‌కి నేను మూడు మెయిల్స్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.