ఇంగ్లండ్ చర్చిల పాత ముద్రచిత్రాలు: అపోహలు - వాస్తవాలు

పాత ముద్రచిత్రాలను, అంటే లోహపు పలక మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలను, పరిశీలించి వివరాలు రాసిపెట్టడమే నా పని. ఇంగ్లండ్ చర్చిల బొమ్మలు పట్టుకొచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పే మాటలు ఇవి.

అపోహ: కెమెరా లేని రోజుల్లో చూసింది చూసినట్టు గీసేవారు, కాబట్టి ఇవి ఫొటోలతో సమానం.

వాస్తవం: అన్నీ కాదు. 1607లో ప్రాగ్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ వెన్సెస్లాస్ హోలార్, లండన్‌లోని పాత సెయింట్ పాల్స్ చర్చి గురించి డగ్‌డేల్ రాసి 1658లో అచ్చయిన పుస్తకం కోసం ఆ చర్చిని రాగి పలకల మీద దింపాడు. వాటిలో ఒకదాంట్లో ఎత్తయిన శిఖరం చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది. ఆ శిఖరమేమో 1561లోనే పిడుగు పడి కాలిపోయింది, అప్పటికి హోలార్ పుట్టనే లేదు! అలాగని మోసం చేశాడనుకోకండి, పిడుగు పడకముందు ఇలా ఉండేదని లాటిన్‌లో ఆ పలక మీదే ఉంది, మనవాళ్లే బొమ్మ చూసి రాత వదిలేస్తారు. 1666 లండన్ అగ్నిప్రమాదంలో చర్చి మొత్తం పోయింది కాబట్టి, లోపలి స్తంభాల వరుసలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఇప్పటికీ ఆయన పలకలే ప్రధాన దిక్కు.

అపోహ: బొమ్మంతా ఒక్కరి చేతిపనే.

వాస్తవం: హోలార్ లాంటివాళ్లు కొన్నిసార్లు గీయడం, చెక్కడం రెండూ చేసేవారు గానీ, సాధారణంగా కింద ఎడమ మూల గీసినవాడి పేరు, కుడి మూల చెక్కినవాడి పేరు ఉంటాయి. ఇంగ్లండ్ చర్చిల మీద పుస్తకాలు వేసిన జాన్ బ్రిటన్ 1814లో మొదలుపెట్టిన సాలిస్‌బరీ చర్చి సంపుటమే చూడండి, పుస్తకం మీద పేరు ఆయనది, బొమ్మలు ఎక్కువగా ఫ్రెడరిక్ మెకంజీవి, చెక్కినవాళ్లలో ముఖ్యులు లె క్యూ అన్నదమ్ములు. వాళ్ల పలకను భూతద్దంలో చూస్తే మతి పోతుంది. కమాను కింద నీడ అనుకున్నదంతా వెంట్రుకవాసి గీతలే, చీకటి పెరిగేకొద్దీ దగ్గరవుతాయి. ఇంత పనిచేసినవాళ్లను ఎవరూ గుర్తుపెట్టుకోకపోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

అపోహ: రంగులుంటేనే అసలుది.

వాస్తవం: దాదాపు ఉల్టా. లండన్ ప్రచురణకర్త ఆకర్‌మన్ 1812లో వేసిన వెస్ట్‌మినిస్టర్ అబ్బే బొమ్మల్లాంటివి అప్పుడే చేత్తో రంగులద్దినవి. గీతలతో చెక్కిన చర్చి బొమ్మలు మాత్రం చాలావరకు నలుపు తెలుపులోనే వచ్చాయి, అమ్మకం కోసం రంగులు తర్వాత వేశారు.

అపోహ: రెండొందల ఏళ్ల నాటిదంటే లక్షలు పలుకుతుంది.

వాస్తవం: రాగి పలక త్వరగా అరిగిపోతుంది, 1820ల నుంచి వాడుకలోకి వచ్చిన ఉక్కు పలకతో వేల కాపీలు తీయొచ్చు. పైగా చాలావరకు పుస్తకాల నుంచి చింపినవే, కాబట్టి పాతదైనంత మాత్రాన అరుదైనదని కాదు. ధర మాట అటుంచండి, ముందు బొమ్మకు లామినేషన్ చేయించే ఆలోచన ఉంటే మానుకోండి, ప్లాస్టిక్ జిగురు కాగితంలోకి దిగితే మళ్లీ ఊడదీయడం మావల్ల కూడా కాదు.