పశువులు తొక్కితే బతికే తుంగ

"పొలంలో తుంగ పీకలేక మేం చస్తుంటే, ఇంగ్లండులో తుంగను కాపాడుతున్నారట. వాళ్లకేం పనిలేదా?" అని ఒక రైతు మిత్రుడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. మన పొలాల్లోది సైపరస్ రొటండస్. ప్రపంచంలోని అతి మొండి కలుపు మొక్కల్లో ఒకటి. దాని బలం గడ్డల్లో ఉంది. దున్నితే గడ్డల గొలుసు తెగి, ఏ గడ్డకాగడ్డే మొలకేస్తుంది. ఇంగ్లండువాళ్లు కాపాడేది దాని దాయాది సైపరస్ ఫస్కస్‌ను. జానెడు మొక్క, ముదురు గోధుమరంగు కంకులు. గడ్డలుండవు, ఏడాదిలోనే బతుకు ముగుస్తుంది. ఇక విత్తనమే దిక్కు. యూరప్, ఆసియాల్లో చాలాచోట్ల కనిపించినా బ్రిటన్‌లో మాత్రం అరుదు.

నన్ను కట్టిపడేసేది ఆ విత్తనం. మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది. దాచుకున్న తిండి అతి కొంచెం. లోతు మట్టిలో మొలిస్తే పైకి రాలేదు, పెద్ద గడ్డి నీడలో మొలిస్తే ఎండ అందదు. నీరు వెనక్కి తగ్గి, కుంట అంచున బోడి బురద తేలినప్పుడే మొలవాలి. ఆ సంగతి గింజకు తెలిసేదెలా?

నీటి అడుగున పగటి వేడికీ రాత్రి వేడికీ తేడా తక్కువ. బయటపడ్డ బురద మధ్యాహ్నం కాగి, రాత్రి చల్లారుతుంది. బురదలో మొలిచే ఇలాంటి చిన్న మొక్కల గింజలు ఈ హెచ్చుతగ్గుల్ని పసిగడతాయి. రెండోది వెలుతురు. గింజలోని ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎర్రకాంతి పడితే చురుకైన రూపానికి, 730 నానోమీటర్ల దూర ఎరుపు (మన కంటికి అంతగా కనబడని, ఎరుపు చివరి అంచు కాంతి) పడితే మళ్లీ నిద్రరూపానికి మారుతుంది. ఆకుల్లోని పత్రహరితం ఎర్రకాంతిని పీల్చేసి దూర ఎరుపును వదిలేస్తుంది. కాబట్టి ఆకుల నీడలో పడ్డ గింజ మొలవదు. మన బడుల్లో తడిదూదిలో పెసలు మొలిపించి "నీరు, గాలి, వెచ్చదనం చాలు" అని రాయిస్తాం. వెలుతురు లేనిదే మొలవని గింజలున్నాయని మాత్రం చెప్పం.

ఇప్పుడు పశువుల సంగతి. ఒకప్పుడు ఇంగ్లండులో ఉమ్మడి బీళ్లలో మేసే ఆవులు కుంటలో నీళ్లు తాగడానికి దిగి అంచును తొక్కేవి. లోపలి గింజలు పైకి వచ్చేవి, పెద్ద గడ్డి అణిగేది. మేపడం ఆగిపోయాక రెల్లు, విల్లో చెట్లు కమ్మేశాయి. కొన్ని కుంటల్ని పూడ్చేశారు కూడా. ఇలాంటి మొక్కకు రక్షణ అంటూ కంచె వేస్తే చంపినట్టే. పొదలు కొట్టి, పైమట్టి పలుచగా గీకి, పశువుల్ని మళ్లీ దించాలి. పూడిక లోతుగా తోడేస్తే గింజల నిల్వంతా లారీలో పోతుంది. ఇక లెక్కల గొడవ: నీరు తగ్గని ఏడాది ఒక్క మొక్కా కనబడదు, తగ్గితే ఒక్కసారిగా బోలెడు లేస్తాయి. ఒక్క ఏడాది చూసి "అంతరించింది" అని రాసేస్తే తొందరపాటే.

చెక్ దేశంలో ఈ టెన్షన్ తక్కువ. అక్కడ చలికాలమంతా చేపల్ని నిల్వ ఉంచే చిన్న తొట్టి చెరువుల్ని వేసవిలో ఖాళీ చేస్తారు. ఆ బురదలో ఈ తుంగ ఎవరి సాయమూ లేకుండా మొలుస్తోంది.